ఒక్కడే ఎత్తే బరువు కాదది!

నడుం పట్టేసిందని ఓపీకి వచ్చేవారిలో హమాలీలు, తాపీ పనివారు ఎప్పటి నుంచో ఉన్నారు. ఇప్పుడు మెడలో ఐడీ కార్డుతో వచ్చే కుర్రాళ్లూ కనిపిస్తున్నారు. బ్యాంకుల్లో, కాలేజీల్లో, ఐటీ ఆఫీసుల్లో సర్వర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు, యూపీఎస్ బ్యాటరీలు బిగించే టెక్నీషియన్లు వీళ్లు. కంప్యూటర్ పనే కదా అనుకుంటాం. కానీ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోల పైమాటే. పెద్ద ఛాసిస్ స్విచ్ అయితే అన్నీ అమర్చాక క్వింటా దాటొచ్చు.

హమాలీ వీపు మీదికి బస్తాను ఇద్దరు పట్టి ఎక్కిస్తారు. బరువు ఒంటికి ఆనుకుని ఉంటుంది (అంతమాత్రాన వాళ్ల నడుములు భద్రమని కాదు). టెక్నీషియన్ మాత్రం పెట్టెను రాక్ పట్టాల్లోకి తోయడానికి చేతులు ముందుకు చాచాలి. బరువు ఒంటికి దూరం జరిగేకొద్దీ నడుము కింది డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ‘నియోష్’ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలిస్తే ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. చేతులు చీలమండలకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటి లెక్క ఇది. ఆ దూరం 50 సెంటీమీటర్లయితే పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. నడుము మెలితిప్పితే ఇంకా తగ్గుతుంది. రాక్‌ల మధ్య ఇరుకు సందులో మెలితిప్పకుండా తిరగడం ఎవరితరం?

అందుకే ‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. మంచి సలహానే, కానీ ఛాతీకి పైన ఉన్న అరలోకి పెట్టెను ఎక్కించేటప్పుడు మోకాళ్లేం చేస్తాయి? ముందు బరువు తగ్గించాలి. పవర్ సప్లయిలు, కార్డులు ఊడదీసి, ఖాళీ డొల్లను ఎక్కించాక మళ్లీ అమర్చాలి. బరువైనవి కింది అరల్లోనే ఉండాలి, లేకుంటే రాక్ కూడా ముందుకు ఒరుగుతుంది. పవర్ సప్లయి పిడి పట్టుకుని మొత్తం పెట్టెను లేపకూడదు. పై అరలకు సర్వర్ లిఫ్ట్ వాడాలి. గంటసేపు బైక్ నడిపి వచ్చినవాళ్లు దిగగానే బరువు జోలికి పోకుండా ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవాలి. నడుం బెల్టును నమ్ముకోవద్దు. ఆరోగ్యవంతుల్లో అది గాయాల్ని ఆపుతుందనడానికి సరైన ఆధారాల్లేవు, లేని ధైర్యం మాత్రం వస్తుంది.

ఇవన్నీ జరగాలంటే రెండో మనిషి ఉండాలి. ఖర్చు కలిసొస్తుందని ఒక్కణ్నే పంపే కాంట్రాక్టర్‌కు ఏ జాగ్రత్తలు చెప్పీ లాభం లేదు. గాయపడేంత బరువు ఎవరిచేతా ఎత్తించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసుకున్నాం. సర్వర్ గది దాకా ఆ ఆలోచన రాలేదు. వర్క్ ఆర్డర్‌లో సామాను బరువు, ఎందరు వెళ్లాలన్నది రాయడం పెద్ద పనేమీ కాదు.

నడుం పట్టేస్తే వారాల తరబడి మంచం పట్టక్కర్లేదు. నొప్పిని బట్టి మెల్లగా తిరుగుతుంటే ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. అందరికీ ఎమ్మారై అవసరం లేదు. అయితే మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అదేరోజు ఆస్పత్రికి రావాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకోమాట సూపర్‌వైజర్లకు. ‘పూర్తి ఫిట్ అయితేనే రా’ అని కుర్రాణ్ని వెనక్కి పంపకండి. ‘ఆరు వారాలు బరువులెత్తరాదు’ అని మేం రాసిస్తే, ఆ ఆరు వారాలూ కేబులింగో, కాన్ఫిగరేషనో అప్పగించండి.