వ్యవసాయ పర్యాటకము: నిర్వచనము విశాలము కావలెను



వ్యవసాయ పర్యాటకపు నిర్వచనమును విస్తరించినచో పొలములన్నియు విడిదిగృహములై పోవునని గత సంచికలో వ్యాసకర్తగారు వెలిబుచ్చిన భయము నిరాధారమని నేననను. నగరముల చేరువను సేద్యము పేరునకే మిగిలిన ఫారంహౌసులను చూచుచున్న వారెవరికైనను ఆ భయము కలుగును. కాని నిర్వచనమును బిగించిన నష్టపోవునది నిజమైన రైతే.

ఇటలీ దేశమున 1985 నాటి చట్టము స్థానమున 2006లో వచ్చిన చట్టమును గమనింపుడు. బస, సొంత పంటతో వండిన భోజనము, విద్యా వినోద కార్యక్రమములు సైతము అందు చేరినవి. అయినను ఆతిథ్యమిచ్చువాడు రైతే కావలెననియు, సేద్యమే ప్రధానముగా నుండవలెననియు, ఆ ప్రాధాన్యమును ముఖ్యముగా శ్రమకాలమును బట్టి నిర్ణయింపవలెననియు విధించి, అతిథులు పదిమందికి మించనిచోట సేద్యమే ప్రధానమని ఎంచి, చిన్నరైతునకు లెక్కల బాధ తప్పించినది.

మా అనకాపల్లి ప్రాంతమున, పెనములో చెరకురసము పొంగుచుండ తెట్టు తీసి, పాకపు ముదురును నీటిలో వేసి పరీక్షించి దింపు రైతు నేర్పును చూడవచ్చినవారు, ఆ పూట అక్కడే భుజించి, రెండు బెల్లపు దిమ్మలు కొనిపోయిన, అది వ్యవసాయ పర్యాటకము కాక మరేమి? బస గదులను లెక్కించుటతోనే తృప్తిపడు నిర్వచనము ఈ గానుగను ఎట్లు గుర్తించును?

కౌలురైతు ప్రస్తావనయే వ్యాసమున లేకపోవుట నన్ను మిక్కిలి నొప్పించినది. పట్టా లేదన్న కారణమున, చెమటోడ్చి పండించువానిని ఈ ఆదాయమునకు దూరము చేయరాదు. సాగుచేయువానికే ఈ హక్కు చెందునట్లు చట్టమున స్పష్టముగా వ్రాయవలెనని నా విన్నపము.

ఇట్లు,
ఒక చెరకురైతు,
అనకాపల్లి.