పొట్టు సంగతి విత్తనంలోనే తేలాలి

వేరుశనగ పప్పు మీది పొట్టు ఎంత తేలిగ్గా ఊడుతుందన్నది వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త పట్టించుకోవాల్సిన విషయం కాదని మన దగ్గర గట్టి నమ్మకం. ఎకరాకు దిగుబడి ఎంత, కాయల్లో పప్పు శాతం ఎంత, నూనె ఎంత, బెట్టకు నిలిచిందా లేదా అన్న లెక్క తేలితే వంగడం లెక్క తేలినట్టే. పొట్టు సంగతి మిల్లు చూసుకుంటుంది, ఊడకపోతే ఇంకాస్త వేడి పెడుతుంది అంటారు. ఈ మాట తప్పు. వేరుశనగను తిండిగా తినే వాళ్లకూ, పండించే వాళ్లకూ నష్టం చేస్తున్న తప్పు.

ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలుసు. మన బుడ్డలు దశాబ్దాల పాటు నూనె మిల్లులకే వెళ్లాయి. పొట్టు గింజతో పాటే నలిగి చెక్కలో కలిసిపోయేది, దాని గురించి ఆలోచించే పనే లేదు. 1940లో తిండివనం నుంచి విడుదలైన టీఎంవీ-2 అనంతపురం చేలల్లో అన్నేళ్లు నిలిచిందంటే నూనె, బెట్ట అనే రెండు పరీక్షల్లో నెగ్గినందుకే. ఆ రోజులకు ఆ కొలత సరిపోయింది. ఇప్పుడు పంటలో పెద్ద భాగం చిక్కీకి, వేపిన పల్లీలకు, పీనట్ బటర్‌కు, ఇండోనేషియా, వియత్నాంలకు వెళ్లే ఎగుమతి బస్తాలకు మళ్లింది. పాత కొలబద్ద మాత్రం అలాగే ఉంది. రైతు చేతికిచ్చే వంగడాల కరపత్రంలో పంటకాలం, దిగుబడి, నూనె శాతం, గింజ రంగు కూడా ఉంటాయి. పొట్టు ఎలా ఊడుతుందన్న మాట సాధారణంగా కనబడదు.

పొట్టు తీయడమంటే గింజను రుద్దడం ఒక్కటే కాదు. వంద డిగ్రీలకు లోపలి వేడిగాలిలో పప్పును నెమ్మదిగా ఆరబెట్టి తేమను సుమారు 4 శాతానికి దించుతారు. తర్వాత చల్లారుస్తారు. గింజ కుంచించుకుపోయి పొట్టు పట్టు వదులుతుంది. గరుకు రోలర్ల మధ్య రాసుకున్నప్పుడు ఊడుతుంది, ఫ్యాను దాన్ని లాగేస్తుంది. ఒక రకంలో ఇదంతా ఒక్క దఫాలో అయిపోతుంది. ఇంకో రకంలో మొలక కొన దగ్గరా పక్కలా పొట్టు పేలికలు అంటుకునే ఉంటాయి. వాటి కోసం వేడి పెంచితే రుచి మారుతుంది. రోలర్ల మీద రెండోసారి పోస్తే గింజ బద్దలవుతుంది. బద్దకు గుండు పప్పు ధర రాదు, పైగా గాలి తగిలిన బద్ద తొందరగా మక్కువాసన కొడుతుంది. వేడి పెంచితే సరిపోతుందనే వాళ్లు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు.

పొట్టు గుణాన్ని పట్టించుకోవాల్సిన అసలు కారణం ఇంతకంటే పెద్దది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఆ చావులకు మూలం దొరికింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే ఆ విషాన్నే ఇప్పుడు అఫ్లాటాక్సిన్ అంటున్నాం. కాలేయాన్ని తినేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది, వేపినంత మాత్రాన పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజ లోపల రంగు మారుతుంది, కానీ పైన పొట్టు ఉన్నంతసేపు ఆ రంగు కనబడదు. పొట్టు తీశాకే ఎలక్ట్రానిక్ కన్ను దాన్ని పట్టుకుని పక్కకు నెడుతుంది. ఫ్యాక్టరీలో అఫ్లాటాక్సిన్‌ను తగ్గించే అతి ముఖ్యమైన మెట్లలో ఇదొకటి. ఆ కంటికి పొట్టు పేలిక కూడా మచ్చలాగే కనిపిస్తుంది. అది ఉన్న మంచి గింజనూ చెడ్డదానితో పాటే విసిరేస్తుంది. అలా కాకూడదని యంత్రాన్ని కాస్త చూసీచూడనట్టు పోయేలా సవరిస్తే చెడ్డ గింజ దాటిపోతుంది. పొట్టు సరిగా ఊడని రకం మిల్లును ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటుంది.

యూరోపియన్ యూనియన్ నేరుగా తినే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 2 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 4 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. ఇంకా ఏరి శుభ్రం చేయాల్సిన సరుకైతే 8, 15 దాకా ఒప్పుకుంటుంది. ఏరివేతకు అంత విలువ ఉంది కాబట్టే ఆ తేడా. ఎగుమతి మాట పక్కన పెడదాం. పల్లీపట్టీ చేసే చిన్న కేంద్రాల్లో రంగు పట్టే యంత్రం ఉండదు. పల్లీలు వేపి, చేత్తో నలిపి, చేటతో చెరిగే ఆడవాళ్ల కళ్లే అక్కడ యంత్రం. వాళ్ల చేతుల్లో పొట్టు ఊడకపోతే ఆ ఒక్క తనిఖీ కూడా జరగనట్టే.

ఇది వంగడంతో సాధ్యమయ్యే పని కాదని ఇంకా అనేవాళ్లు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, కింగరాయ్ వైపు చూడాలి. అక్కడా చాలావరకు వానాధార పంటే. అక్కడా గింజ ముదిరే వేళ బెట్ట వచ్చి అఫ్లాటాక్సిన్ బెడద తెస్తుంది. ఆ దేశపు శాస్త్రవేత్తలు పొట్టు ఊడే గుణాన్ని వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు సీజన్లలో కొలిచి, అది ఎక్కువగా వంశం నుంచే వస్తుందని, తొలి తరాల్లోనే ఏరుకోవచ్చని 2003 నాటికే చూపించారు. నేలా వానా ప్రభావం లేదని కాదు. లేత గింజకు పొట్టు గట్టిగా పట్టుకుంటుంది, బెట్ట లేత గింజల్ని పెంచుతుంది. అయినా మంచి రకం మంచిదిగానే, మొండి రకం మొండిదిగానే చాలావరకు నిలుస్తాయి.

శాస్త్రవేత్తకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పొట్టు తల్లి మొక్క కణజాలం. లోపలి బద్దలు కొత్త తరానివి, పైపొర తల్లిది. కాబట్టి ఒకే మొక్క మీది గింజలన్నింటి పొట్టుకూ ఒకే వారసత్వం. పరీక్షలో వేడెక్కిన గింజ మొలవదు, ఒక్క మొక్క ఇచ్చే గుప్పెడు గింజలు పరీక్షకు చాలవు. అందుకే సంతతిని కాస్త పెంచి, విత్తనానికి కొంత దాచి, మిగిలినదాన్ని వేడి చేసి చూస్తారు. ఒక్కో సంతతికి కొన్ని వందల గ్రాముల పప్పు, ఒక ఓవెను, ఒక బ్లోయరు. దీన్ని ఖర్చు పనిగా చెప్పడం సరికాదు.

దీన్ని కాదనే వాళ్ల వాదనల్లో బలమైనది విత్తనం గురించినది. పొట్టు గింజకు కవచం, అది చెక్కుచెదరకుండా ఉంటే బూజు లోపలికి దూరడం కష్టం. వదులు పొట్టు రకం తెస్తే కాయలు కొట్టే మిషన్లోనే పొట్టు రాలి, మొలక శాతం పడిపోయి, విత్తనం దాచుకునే రైతు మునుగుతాడంటారు. ఇది నిజమైన ప్రమాదమే, దాన్ని తోసేసి ఈ వాదం గెలవలేను. కానీ కాయలు కొట్టేది గింజలో 7, 8 శాతం తేమ ఉన్నప్పుడు. పొట్టు ఊడాల్సింది వేడిలో తేమ 4 శాతానికి దిగాక. మొదటి మెట్టులో గట్టిగా పట్టుకుని రెండో మెట్టులో వదిలే రకమే కావాలి. పరీక్షలో రెండూ కొలవాలి, మొదటిదానిలో పొట్టు రాల్చిన సంతతిని నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. ప్రమాదం ఉందని అసలు కొలవకపోతే ఏ రకం ఎటు ఉందో ఎప్పటికీ తెలియదు.

పొట్టులో మంచి పోషకాలున్నాయి, తీయడమెందుకనే మాటా వింటుంటాం. ఉన్నాయి. ఇష్టమున్నవాళ్లు పొట్టుతో తింటారు, వద్దనే వాళ్లెవరూ లేరు. తేలిగ్గా ఊడే రకం కూడా వేడి చేసేదాకా పొట్టుతోనే ఉంటుంది.

లాభమంతా కంపెనీకి, రైతుకు మిగిలేదేముందన్న ప్రశ్నను మాత్రం నేను గౌరవిస్తాను. మద్దతు ధర సగటు నాణ్యతకు ఒక్కటే. యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు ఒలిచి చూసి ధర చెబుతాడు. పొట్టు గుణానికి అక్కడ రూపాయి కూడా రాదు. రాని మాట నిజమే. అయితే దాన్ని కొలిచి రాయకపోవడమే అందుకు పెద్ద కారణం. ఓలిక్ ఆమ్లం కథ గుర్తు చేసుకోవాలి. 1987లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు సుమారు 80 శాతం ఓలిక్ ఆమ్లమున్న మొక్కను ప్రకటించారు. పల్లీ త్వరగా చెడకుండా చేసే ఆ గుణం మొదట్లో కంపెనీ అవసరంగానే కనిపించింది. ఇప్పుడు మన దేశంలోనే ఆ గుణమున్న గిర్నార్-4, గిర్నార్-5 ఉన్నాయి, ఆ రకాల్ని పేరుతో అడిగి కొనే వాళ్లున్నారు. నాణ్యతకు ముందు అంకె వచ్చింది, ఆ తర్వాత పేరు వచ్చింది.

కాబట్టి అడగాల్సింది ఇది. అఖిల భారత సమన్వయ పరిశోధన పరీక్షల్లో, పప్పు శాతం పక్కనే, వేడి చేశాక పొట్టు పూర్తిగా ఊడిన గింజలెన్ని, బద్దలైనవెన్ని, కాయలు కొట్టేటప్పుడే పొట్టు రాల్చినవెన్ని అన్న మూడు అంకెలు రాయాలి. కొత్త వంగడాలకే కాదు, కదిరి-6, అనంత జ్యోతి లాంటి సాగులో ఉన్న రకాలకూ రాయాలి. ఏది చిక్కీకి పనికొస్తుందో, ఏది గానుగకు పోవాలో చెప్పే ఆ పట్టిక ముందు పండించే వాళ్ల చేతికి, వాళ్ల ఉత్పత్తిదారుల సంఘాల చేతికి అందాలి. కొనుగోలుదారుడితో ధర మాట్లాడే రోజున అది వాళ్ల దగ్గర ఉండాలి.