చలికాలపు కూలి

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్... అమెరికాలో మంచు దండిగా కురిసే ఈ ఉత్తరాది రాష్ట్రాల్లో ఇళ్లకు పైకప్పులు వేసే రూఫర్లు నవంబర్ చివర్లో ఇంటి ఖర్చుల లెక్క తీస్తారు. చేతిలో ఉన్నదెంత, మార్చి దాకా గడిచేదెలా అని. వేసవంతా తెల్లవారుతూనే నిచ్చెనెక్కి, చీకటి పడేదాకా మేకులు కొట్టిన మనిషికి డిసెంబర్లో పని ఉండదు. ‘మంచు కరిగాక కబురు చేస్తాం’ అని యజమాని అంటాడు. మన పిల్లలు అక్కడ అప్పు చేసి కొనుక్కున్న ఇళ్ల పైన ఉన్నది కూడా ఇలాంటివాళ్లు పరిచిన కప్పే.

చలైతే కోటు వేసుకుని పని చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కంతా సరుకుతో వస్తుంది. అక్కడి ఇళ్ల మీద ఎక్కువగా కనిపించే షింగిల్స్ అంటే గాజునారకు తారు పట్టించి, పైన రాతి రవ్వ అద్దిన పలకలు. వాటికి జిగురు పట్టీ ఉంటుంది. ఎండకు ఆ జిగురు మెత్తబడి పలకా పలకా అతుక్కుంటేనే గాలివానకు కప్పు లేచిపోకుండా ఉంటుంది. ఉష్ణోగ్రత 4, 5 డిగ్రీల కన్నా దిగితే జిగురు సరిగా పట్టదు. తారు బిగుసుకుపోయి, వంచబోతే పలక అప్పడంలా విరుగుతుంది. నెయిల్ గన్‌కు గాలి తెచ్చే గొట్టంలో తేమ గడ్డకట్టి గన్ మొరాయిస్తుంది. తప్పనిసరై వేయాల్సి వస్తే షింగిల్స్‌ను వెచ్చని చోట దాచి, కొన్ని కొన్ని పైకి తెచ్చుకుంటూ, ఒక్కోదాని కింద చేత్తో జిగురు చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. పని నత్తనడకే.

దానికి తోడు ప్రాణభయం. పొద్దున కప్పు మీద కంటికి ఆనని మంచు పొర ఉంటుంది. ఎండ తగిలి అది ఆరేదాకా కింద వ్యాన్‌లో కాఫీ తాగుతూ కూర్చోవాల్సిందే. సాయంత్రం పెందలాడే చీకటి. మధ్యలో చిక్కిన కాసిని గంటలే పని గంటలు. మంచు మాట అటుంచినా ఇది మామూలు ప్రమాదకరమైన పని కాదు. 2022 అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో లక్ష మంది రూఫర్లకు 57 మందికి పైగా పనిలోనే చనిపోయారు. ఆ ఏడాది జాబితాలో వాళ్లకన్నా ముందున్నది అడవుల్లో చెట్లు కొట్టేవాళ్లొక్కరే.

అలాగని అందరూ చేతులు ముడుచుకుని కూర్చోరు. కొందరు బండి ముందు పార కట్టి రోడ్ల మీద, పార్కింగ్ స్థలాల్లో మంచు తోస్తారు. కొందరు ఇంటి లోపలి గోడల పని, రంగుల పని వెతుక్కుంటారు. కొందరు దక్షిణాదికి, టెక్సస్‌కో ఫ్లోరిడాకో వెళ్లిపోతారు. చలే తెచ్చిపెట్టే పని కూడా ఒకటుంది. ఇంట్లోని వేడి అటక గుండా పైకెక్కి కప్పు మీది మంచును కరిగిస్తుంది. ఆ నీరు జారి చల్లటి చూరు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ గడ్డకట్టి అడ్డుకట్ట అవుతుంది. దాన్ని ఐస్ డ్యామ్ అంటారు. దాని వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ కిందికి ఎగదన్ని ఇంట్లోకి కారతాయి. గొడ్డలి పెట్టి కొడితే మంచుతో పాటు కప్పూ పగులుతుంది. అందుకని పనివాళ్లు నిచ్చెన మీద నిలబడి, ఆవిరి గొట్టంతో గడ్డను కాస్త కాస్త కోసి ముక్కలుగా కింద పడేస్తారు. వదిలిన ఆవిరి వాళ్ల బట్టల మీదే మంచై పేరుకుంటుంది.

యజమానుల చలికాలం వేరు. వాళ్లు పనిముట్లు బాగు చేయించుకుంటారు, వేసవి పనులకు అంచనాలు రాసుకుంటారు, సరుకుల ప్రదర్శనలకు వెళ్లొస్తారు. అమెరికాలోనూ జర్మనీలోనూ పైకప్పుల వ్యాపారపు పెద్ద ప్రదర్శనలు జనవరి, మార్చి మధ్యలో పెట్టేది అందరికీ తీరిక దొరికేది అప్పుడే గనుక. తీరిక ఇద్దరికీ ఒకటే, జీతం ఆగేది మాత్రం కూలి మనిషికే. చట్టప్రకారం పనిలో ఉన్నవాళ్లకు నిరుద్యోగ బీమా వస్తుంది. చాలా రాష్ట్రాల్లో గరిష్ఠంగా 26 వారాలు. అయితే అక్కడి కప్పుల మీద మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లలో కాగితాలు లేనివాళ్లకు ఆ బీమా వర్తించదు. వేసవిలో కప్పు వాళ్ల కాగితాల ఊసెత్తదు, చలికాలంలో బీమా మాత్రం అవే అడుగుతుంది.

ఇదే చలిని జర్మనీ మరోలా చూసింది. అక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 31 వరకు ‘చెడ్డ వాతావరణ కాలం’ అని చట్టమే గుర్తిస్తుంది. మంచు వల్లో, వానల వల్లో, పనులు రాకో రూఫర్ ఇంట్లో కూర్చుంటే ఉద్యోగం పోదు. పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం ఉపాధి సంస్థ నిధి నుంచి అందుతుంది. వేసవిలో ఎక్కువ చేసిన గంటలను ఖాతాలో దాచుకుని చలికాలంలో వాడుకుంటే గంటకు రెండున్నర యూరోలు అదనం. డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా, చలికి వెరవకుండా పనిచేసిన గంటకు ఒక యూరో అదనం. ఈ అదనాల కోసం యజమానులూ పనివాళ్లూ కలిసి చందా కడతారు. మార్చి దాటగానే మనిషి ఆ యజమాని దగ్గరే, ఆ నిచ్చెనే ఎక్కుతాడు. ఈలోగా షెడ్డులో స్లేటు రాళ్ల అంచులు సుత్తితో చెక్కి కొలతకు తెచ్చి పెట్టుకుంటాడు, కుర్రాడైతే చదువు పూర్తి చేసుకుంటాడు.

ఇదేదో దయతో పుట్టింది కాదు. చలి రాగానే పనివాళ్లను గుంపులుగా తీసేసే అలవాటు మాన్పించడానికి 1959లో అక్కడ చెడ్డ వాతావరణ భత్యం పెట్టారు. ఖర్చు ఎక్కువైందని 1995 చివరితో ఎత్తేశారు. తీసివేతలు మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత రకరకాల ఏర్పాట్లు చేసి చూసి, 2006 చలికాలం నుంచి ఇప్పటి పద్ధతికి వచ్చారు. ఎత్తేసి చూశాక మళ్లీ పెట్టుకున్నారంటే, ఆ ఖర్చు అవసరమేనని లెక్క తేలినట్టే.

జర్మనీకి డబ్బుంది, మనకెక్కడిది అంటారు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వమే మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తోంది. 10 వేల రూపాయలుగా ఉన్నది 2025లో 20 వేలైంది. వేటలేని కాలం మత్స్యకారుడి తప్పు కాదని మనం ఒప్పుకున్నాం. ఢిల్లీలో చలికాలపు కాలుష్యానికి నిర్మాణాలు ఆపినప్పుడు, పని పోయిన కూలీలకు, నిర్మాణ కార్మికుల కోసం వసూలు చేసే సెస్సు నుంచి భృతి ఇవ్వమని 2021 నవంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ ప్రభుత్వం మనిషికి 5 వేల రూపాయలు ప్రకటించింది. అంటే ఈ ఆలోచన మనకు కొత్త కాదు. కోర్టు చెబితేనో, ఎన్నికలు దగ్గర పడితేనో గుర్తొస్తుంది, అంతే.

మన దగ్గర మంచు కురవదు. మన రూఫర్ల చెడ్డకాలం వాన. ముసురు పట్టిందంటే స్లాబు వేసేవాళ్లకూ, సెంట్రింగ్ వాళ్లకూ, రేకులు బిగించేవాళ్లకూ పని ఉండదు. అడ్డా మీద పొద్దున్నే నిలబడి, పది దాటాక డబ్బాలో అన్నం తడవకుండా పట్టుకుని ఇంటికి తిరిగిపోతారు. వీళ్ల కోసమే 1996 చట్టంతో మొదలై నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలవుతోంది. దేశం మొత్తం మీద 37 వేల కోట్లకు పైగా పోగైతే ఖర్చయింది దాదాపు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

ఏ జిల్లాలో ఏ నెలలు పని ఆగుతుందో అక్కడి మేస్త్రిని అడిగినా చెబుతాడు. రెండు తెలుగు రాష్ట్రాల నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులు ఆ నెలలను ముందే ప్రకటించాలి. పేరు నమోదైన కార్మికుడికి వానరోజుల భృతిని, పెళ్లి కానుకలాగానో ప్రమాద పరిహారంలాగానో దరఖాస్తు పెట్టించుకుని తిప్పించకుండా, నేరుగా ఖాతాలో వేయాలి. సిమెంటు ధరలో, ఇనుము ధరలో రవాణా ఖర్చు కలిపే మనం, ఇంటి ధరలో కూలి మనిషి ఖాళీ రోజుల్ని మాత్రం కలపం. ఆ రోజుల బిల్లును ఆయన ఇంటి కిరాణా కొట్టు అప్పు పుస్తకంలో రాయిస్తున్నాం. ఆ బిల్లు కట్టాల్సింది ఇల్లు కట్టించుకున్నవాళ్లు. కట్టారు కూడా, సెస్సు రూపంలో. బోర్డు దగ్గరున్న సొమ్ము అదే.