పనిముట్ల కొట్టము పొడిగా ఉండవలెను

జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో శనగ విత్తుటకు పదును దొరకునది కొద్ది దినములే. ఆనాడు గొర్రు సిద్ధముగా లేనిచో పదును మనకై ఆగదు. అయినను వేలు పోసి కొన్న పనిముట్లను గాటిపాట మూలలో పడవేయుట మనలో పలువురికి అలవాటు. ఇది మానవలసిన అలవాటని నా అభిప్రాయము.

ఇనుమును తినునది చలి కాదు, తేమ. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు, ఆపై మంచు. రాత్రి చల్లబడిన రేకు క్రింద గాలిలోని ఆవిరి నీరై కారును. పశువుల మూత్రము, ఎరువుల పొడి తోడైనచో తుప్పు మరింత త్వరపడును.

కొట్టములో కుంపటి పెట్టి తలుపు మూయుట పొరపాటు. కట్టె మండినప్పుడు కూడ నీటియావిరి పుట్టును; బొగ్గునుండి వచ్చు వాసనలేని విషవాయువు ప్రాణము తీయును. చలికాలమున సూర్యుడు దక్షిణముగా నడుచును గనుక ఆ దిక్కున కిటికీ ఉన్నచో వెచ్చదనము ఉచితముగానే వచ్చును.

చేయవలసినది స్వల్పము. నేలను జానెడు ఎత్తుచేసి, ఇసుకపై మన ఎర్రగుంట్ల నాపబండలు పరచుడు. ఎదురెదురు గోడల పైభాగమున గాలిరంధ్రములు ఉంచుడు. మిద్దెపై చవుడును వానలకు ముందే సరిచేయుడు. పనిముట్లను కడిగి, ఎండబెట్టి, నూనె పూసి, నేలకు తగులకుండ కొయ్యలపై నిలుపుడు. ఎరువులను వేరుచోట ఉంచుడు.

గ్రామాధికారులారా! క్రొత్త పనిముట్టును గూర్చి చెప్పునపుడు దానిని ఉంచు చోటును గూడ చూచి రండు. కొట్టము పొడిగా నున్న రైతు పదును పోగొట్టుకొనడు.