విమానాల తయారీకి సర్కారు అప్పు.. జనం సొమ్ము తిరిగొచ్చేదెలా? భోగాపురం లెక్క ఏం చెబుతోంది?

ప్యాసింజర్ విమానాలు మన దేశంలోనే తయారు చేయాలన్న మాట ఢిల్లీలో గట్టిగా వినిపిస్తోంది. 2025 అక్టోబర్‌లో ఎస్‌జే-100 విమానం కోసం రష్యా కంపెనీ యూఏసీతో హెచ్‌ఏఎల్ మాస్కోలో ఒప్పందం చేసుకుంది. పౌర విమానయాన శాఖ ఉన్నది మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలో. సంతోషమే. కానీ ఒక కొత్త విమానం గాల్లోకి లేవాలంటే ముందు వేల కోట్లు పోయాలి. అంత డబ్బు ప్రైవేటు కంపెనీ ఒక్కటే పెట్టదు, సర్కారు వైపు చూస్తుంది. మరి ఆ సొమ్ము తిరిగి ఎలా వస్తుంది?

యూరప్‌లో ఈ పని ఎప్పుడో జరిగింది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ ప్రభుత్వాలు ఎయిర్‌బస్‌కు 'లాంచ్ ఎయిడ్' పేరుతో అప్పులిచ్చాయి. ఇది బ్యాంకు లోన్ లాంటిది కాదు. విమానాలు అమ్ముడైన కొద్దీ ఒక్కో దానికి ఇంత అని కంపెనీ కడుతుంది. అమ్ముడు కాలేదా, మిగతా బాకీ మీద ఆశ వదులుకోవాల్సిందే. 1984లో బ్రిటన్ ఏ320 కోసం 25 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఆ మోడల్ వేలల్లో అమ్ముడైంది, రాయల్టీ వచ్చింది. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు చాలామంది ఎక్కేది ఈ రకం విమానమే. అదే కంపెనీ తెచ్చిన భారీ విమానం ఏ380 మాత్రం 251 దగ్గరే ఆగిపోయింది. 2021లో చివరిది డెలివరీ ఇచ్చి తయారీ బంద్ చేశారు.

ఇవి అప్పులు కావు, సబ్సిడీలంటూ అమెరికా 2004లో డబ్ల్యూటీవోకు వెళ్లింది. 2019లో 750 కోట్ల డాలర్ల మేర సుంకాలు వేసుకునే హక్కు సంపాదించింది. బోయింగ్‌కు అమెరికా ఇచ్చిన సాయంపై యూరప్‌కూ 2020లో దాదాపు 400 కోట్ల డాలర్ల హక్కు దక్కింది. చివరికి 2021లో ఐదేళ్ల సంధి. గొడవేమో విమానాలది, మధ్యలో 25 శాతం సుంకం పడింది మాత్రం స్కాచ్ విస్కీ, చీజ్ అమ్ముకునేవాళ్లకి!

మన అనుభవం ఇంకా చేదు. 2005-06లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిపి 111 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. నష్టాలు, వడ్డీలు పెరుగుతూ పోయి 2021 ఆగస్టు నాటికి అప్పు రూ.61,562 కోట్లకు చేరింది. టాటాలు నెత్తిన వేసుకున్నది రూ.15,300 కోట్లే. మిగతా రూ.46,262 కోట్ల భారం సర్కారు దగ్గరే, అంటే మన దగ్గరే ఉండిపోయింది.

ఇక భోగాపురం. ఇక్కడ సర్కారు పెట్టుబడి ప్రధానంగా భూమి. విజయనగరం జిల్లా రైతుల కొబ్బరి, జీడి, మామిడి తోటలు పోయాయి, ఊళ్లకు ఊళ్లే కదిలాయి. 2020 ఒప్పందంలో జీఎంఆర్‌కు 2,203 ఎకరాలు ఇచ్చారు. 2019 బిడ్డింగ్‌లో ఆ సంస్థ ఒప్పుకున్నది ప్రయాణికుడికి రూ.303. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది. ఆ రేటుతో పూర్తిగా నిండితే దాదాపు రూ.182 కోట్లు, సగమే నిండితే రూ.91 కోట్లు. అంటే ఇదీ ఏ320 లెక్కే. జనం ఎక్కితేనే డబ్బు. ఎక్కకపోతే భూమి తిరిగి తోట కాదు కదా!

అయితే ఇక్కడో మంచి విషయం ఉంది. రూ.303 అనే అంకె టెండర్ నాడే అందరికీ తెలిసింది. రేపు తయారీ కంపెనీకి ఖజానా తెరిస్తే, ఒక్కో విమానానికి ఎంత, ఏ ఏడాది నుంచి కడతారు అన్నది సంతకం రోజే బయటపెట్టాలి. పార్లమెంట్‌లో ఆ ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది కూడా మన సిక్కోలు ఎంపీనే.