వాచ్‌మెన్ కాదు, లైబ్రేరియన్ కావాలి

పోస్టు పొడుగైంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

ములకలపల్లి మండలానికి మంచి లైబ్రరీ కావాలని ఇవ్వబోయే వినతిపత్రం మన గ్రూపులో పెట్టారు. ఏసీ హాలు, వైఫై, కుర్చీలు, గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ మెటీరియల్, రాత్రి 10 దాకా తెరిచి ఉంచడం, అన్నీ ఉన్నాయి. లైబ్రేరియన్ అనే మాట మాత్రం ఎక్కడా లేదు. రెండుసార్లు చదివి చూశా. తాళం తీయడానికి ఒక వాచ్‌మెన్ కావాలని రాశారు, అంతే.

దీనికి నేను ఒప్పుకోను. మీరు అడుగుతున్నది లైబ్రరీ కాదు, కోచింగ్ ఫీజు కట్టలేనోళ్లు కూర్చునే వెయిటింగ్ హాలు.

"కథల పుస్తకాలు కడుపు నిండినోళ్లకి, మనకి ఉద్యోగాలు కావాలి" అని ఒక అన్న కామెంట్ పెట్టారు. అన్నా, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. ఉద్యోగం ఎంత అవసరమో మా అమ్మ కూలి డబ్బులు పంపిన ప్రతిసారీ నాకు గుర్తొస్తది. పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాల్సిందే. గాని లైబ్రరీ అంటే అవే అనుకోవడం దగ్గరే పేచీ. అవి రెండేళ్లకే పాతబడతాయి. ఈమధ్య నేను వెళ్లిన ఒక లైబ్రరీలో (ఊరు పేరు వద్దులే) జీకే పుస్తకం తీస్తే 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ పటం ఉంది. తెలంగాణ 10 జిల్లాలతో వచ్చింది, 2016లో 31 అయ్యాయి, 2019లో 33. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కూడా 2016లో పుట్టిందే. ఆ పుస్తకం పట్టుకుని చదివినోళ్లు పరీక్షలో ఏం రాస్తారు? పాతది తీసేసి కొత్తది తెప్పించడం వాచ్‌మెన్ పని కాదు కదా.

ఇంకోటి. రాత్రి 10 దాకా తెరిస్తే ఎవరికి లాభం? మండల కేంద్రంలో రూమ్ తీసుకున్న అబ్బాయిలకి. చీకటి పడ్డాక గూడెం నుంచి ఏ ఆడపిల్లని పంపుతారు, ఏ ఆటోలో పంపుతారు? మూడో తరగతి పిల్లలకి, బడి మానేసి మిర్చి కోతకి పోయే చెల్లికి, పట్టా కాగితం చేతిలో ఉన్నా అందులో ఏముందో తెలియని అయ్యకి ఈ హాలులో ఏముంది?

మనం ఎవర్నీ బిచ్చం అడగట్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. రేకుల ఇల్లైనా పెంకుటిల్లైనా, పన్ను కట్టినోళ్లందరికీ లైబ్రరీ మీద హక్కు ఉంది. మన మండలంలోనే పూసుగూడెంలో, కమలాపురంలో సీతారామ ఎత్తిపోతలకి పంప్‌హౌసులు కట్టారు. గోదావరిని ఎత్తగలిగినోళ్లు ఒక పుస్తకాల పెట్టెని గూడెం దాకా మోయలేరా?

మోసినోళ్లు ఉన్నారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవలో పెట్టి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంబడి తిప్పారు. ఇక్కడ నిజాం రోజుల్లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు, వంటపని, హోటల్లో సర్వర్ పని చేసి బతికిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊర్లు తిరిగారు. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో నాకు బాగా పట్టింది ఒకటి: ఏ పుస్తకానికైనా దాన్ని చదివే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటారు. ఆ మనిషిని వెతకాల్సింది లైబ్రేరియనే.

వాళ్లది మైదానం, మనది అడవి అంటారా? కేరళలో ఇడుక్కి అడవుల్లో ఎడమలక్కుడి అని ముతువాన్ ఆదివాసీల ఊర్లు ఉన్నాయి. అక్కడ చిన్నతంబి అనే పెద్దాయన తన టీ కొట్టులోనే 160 పుస్తకాలతో లైబ్రరీ నడిపారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో దాని గురించి రాశారు. అక్కడున్నది గైడ్లు కాదు, మంచి సాహిత్యం. ఎవరు ఏ పుస్తకం పట్టుకుపోయారో రిజిస్టర్‌లో రాసి పెట్టేవారు. ఏసీ లేదు, వైఫై లేదు, పట్టించుకునే మనిషి ఉన్నాడు.

మన దగ్గర ఇప్పుడు లైబ్రరీ కార్యక్రమం అంటే నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు. వ్యాసరచన, ముగ్గులు, శాలువా, ఫొటో. 21న మళ్లీ మామూలే. నేనడిగేది మిగతా 51 వారాల సంగతి. కొత్తగా వచ్చే లైబ్రేరియన్ సంత రోజున సంతలోనే టార్పాలిన్ పరిచి పుస్తకాలు పెట్టాలి. మనోళ్లు లైబ్రరీకి రారు, సంతకి వస్తారు. నెలకో రోజు అటవీ హక్కుల పట్టాలు, బ్యాంకు కాగితాలు, ఆఫీసు నోటీసులు గట్టిగా చదివి అర్థం చెప్పాలి. 2006 చట్టం మనకి ఏం ఇచ్చిందో తెలియకుండానే వేలిముద్రలు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి కథ ముందు కోయలో చెప్పాలి, తర్వాత తెలుగులో చదవాలి. తండాలో అయితే లంబాడీలో. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలేసుకున్న గుత్తికోయల పిల్లలు తెలుగు రాక బళ్లో మూగగా కూర్చుంటారు. వాళ్లకి మొదటి పుస్తకం ఎవరు విప్పి చూపిస్తారు?

ఇదేం కొత్త విషయం కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలోనే కోయతో సహా 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకి చదువు మొదలుపెట్టి పుస్తకాలు తెచ్చారు, తెలుగు లిపిలోనే. అవి లైబ్రరీ బీరువాలో ఎందుకు ఉండకూడదు? మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు కంచుమేళంతో సమ్మక్క సారలమ్మ కథ, కోయ వీరుల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో చనిపోయారు. ఆయన్ని పిలిచి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టి, పాడింది రాసుకున్న లైబ్రరీలు ఎన్ని? గూడేల్లో ఇంకా ఉన్న అవ్వలు, తాతలు చెప్పేది ఇప్పుడైనా రాసుకోవాలి. పిల్లలే రాసి, బొమ్మలేసి, దారంతో కుట్టి బీరువాలో పెడితే, ఆ పుస్తకం చూడ్డానికి వాళ్ల అమ్మ కూడా వస్తది.

ఈ పని భాష వచ్చినోళ్లే చేయగలరు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసినప్పుడు మన అన్నలు, అక్కలు ఏమన్నారు? మా పిల్లల భాష తెలిసిన టీచర్ మాకు కావాలన్నారు. ఆ మాట బడికే గాని లైబ్రరీకి పనికిరాదా? డిగ్రీ అయ్యాక బీఎల్‌ఐఎస్‌సీ ఒక్క ఏడాది కోర్సు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో కూడా ఉంది. మన గ్రూపులో బీఈడీ చేసినోళ్లు బోలెడు మంది. బీఎల్‌ఐఎస్‌సీ చేసినోళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఉద్యోగాలే కావాలంటున్నారుగా, ఇది కూడా ఉద్యోగమే.

వినతిపత్రంలో మొదటి డిమాండ్ ఇలా మార్చండి: కోయ గాని లంబాడీ గాని వచ్చిన స్థానిక గిరిజన అభ్యర్థిని పూర్తికాలం లైబ్రేరియన్‌గా వేయాలి. వారానికి రెండు రోజులు ఆ లైబ్రేరియన్ పుస్తకాలతో గూడేల్లో తిరగాలి, దానికి బండి ఖర్చు ఇవ్వాలి. ఏసీ ఆఖర్న పెట్టుకోండి. రాత్రి 10 సంగతి ఎట్లున్నా, ఆదివారం పొద్దున తప్పకుండా తెరవమని రాయండి. ఇట్లా మార్చిన కాపీ పెడితే మా హాస్టల్ అమ్మాయిలందరి సంతకాలు నేనే తెస్తా. లేకపోతే నా సంతకం కూడా ఉండదు.