ఓపిక లేక కాదు బాసూ

నా మొక్కల అక్వేరియం అమ్మేస్తున్నా, ఎవరికైనా కావాలా అని ఆఫీసు గ్రూపులో పెట్టాను. మొదట వచ్చిన జవాబు: "దీనికి ఓపిక ఉండాలి బాసూ, మనోళ్ళకి అదే ఉండదు". ఆ తర్వాత నాలుగు నవ్వు బొమ్మలు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. నాలుగేళ్ళు చేశాను. ఓపిక తక్కువై మానెయ్యలేదు, అది అక్కర్లేని చోట ఖర్చయిపోయి మానేశాను.

మొదలుపెట్టింది అందరిలాగే. రోజంతా స్క్రీన్ చూసి ఇంటికొచ్చాక కాసేపు పచ్చగా ఏదైనా చూద్దామని. ఆర్నెల్లు తిరిగేసరికి ఏమైంది? టైమర్ మీద ఎనిమిది గంటలు లైటు. దానికి గంట ముందు కార్బన్ డయాక్సైడ్ ఆన్. నీళ్ళలో అది 30 పీపీఎం దగ్గర ఉండాలి. డ్రాప్ చెకర్ నీలంగా ఉంటే మొక్కలకి చాలదు, పసుపుగా మారితే చేపలకి ఊపిరాడదు. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం ఒకరోజు, ఐరన్ మర్నాడు. వీటన్నిటికీ ఎక్సెల్ షీటు కూడా పెట్టాను (నవ్వకండి, మీలో సగం మందికి ఉంటుంది). సంక్రాంతికి ఊరెళ్తే పక్క ఫ్లాటాయనకి రెండు పేజీల రన్‌బుక్. దీన్ని హాబీ అంటారా? జీతంలేని ఆన్‌కాల్ అంటారు.

ఇక ఎరువుల లెక్క. టామ్ బార్ పద్ధతి అందరికీ తెలిసిందే: మొక్కలకి కావలసినదానికన్నా ఎక్కువే పొయ్యి, వారానికోసారి సగం నీళ్ళు తీసేసి కొత్తవి పట్టు. నాది 150 లీటర్ల ట్యాంకు, అంటే వారానికి 75 లీటర్లు. ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్లో అందరం డబ్బులేసుకుని ట్యాంకర్ తెప్పించుకుంటాం. కింద వాచ్‌మన్ భార్య బిందెలు పట్టుకుంటుంటే పైన నేను పైపు పెట్టి బాత్రూంలోకి వదులుతుండేవాణ్ణి. పేరేమో నేచర్ అక్వేరియం!

ఆ పేరుతో దీన్ని ప్రపంచానికి నేర్పింది తకాషి అమానో. ఆయన ఫోటోగ్రాఫర్, 2015లో పోయారు. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయన కంపెనీ 2001లో మొదలుపెట్టిన పోటీలో చూసేది ఫోటో. ఫోటో అయ్యాక ట్యాంకు ఏమైనా పర్లేదు. మనం ఆ ఫోటో చూసి, అలాంటిది రోజూ ఇంట్లో ఉండాలని కూర్చున్నాం. లేకపోతే మనకి చేతకాదని ఏడుపు.

అసలు తేలిక దారి లేకపోలేదు. డయానా వాల్‌స్టాడ్ 1999లోనే పుస్తకం రాశారు. అడుగున మామూలు మట్టి, కిటికీ వెలుతురు, చేపల రెట్టే ఎరువు, గ్యాసు అక్కర్లేదు. మా బ్యాచ్‌లో ఒకాయన అలాగే పెట్టాడు. "బాగుందన్నా" అని తలా ఒక ముక్క అనేసి మళ్ళీ రెగ్యులేటర్ల గొడవలో పడ్డాం. అందులో అప్‌గ్రేడ్ చెయ్యడానికి ఏమీ లేదు మరి!

నా సంగతి తేలిపోయింది ఒక శనివారం తెల్లవారుజామున. రిలీజ్ అయ్యాక మూడింటికి లేచి చూస్తే డ్రాప్ చెకర్ పసుపు. సోలనాయిడ్ మూసుకోలేదు, రాత్రంతా గ్యాసు పోతూనే ఉంది. ఆరు డెనిసన్ బార్బ్‌లు పైకి తేలి ఉన్నాయి. కేరళ, దక్షిణ కర్ణాటక వాగుల్లో తప్ప ఎక్కడా పుట్టని చేప అది, అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉంది. షాపులో కొన్నప్పుడు వాగులో పట్టిందా, పెంచిందా అని నేను అడగలేదు. ఆ రాత్రి నేను ముందు చేసిన పనేంటో తెలుసా? టైమర్ సెట్టింగులు చెక్ చేశాను. రూట్ కాజ్ కోసం. చేపల్ని తియ్యాలన్న ఆలోచన పావుగంట తర్వాత వచ్చింది.

ఆ తర్వాత లైటు వెయ్యబుద్ధి కాలేదు. దీన్ని బద్ధకం అనుకునేవాళ్ళు అనుకోండి.

మొన్న ఆ "ఓపిక" అన్నాయనే ఫోన్ చేసి సిలిండరు, రెగ్యులేటరు ఎంతకిస్తావన్నాడు. సగం ధరకిచ్చాను. సోలనాయిడ్ మాత్రం కొత్తది కొనుక్కోమని రెండుసార్లు చెప్పాను.